మొదటి క్రెడిట్ కార్డు

మొదటి క్రెడిట్ కార్డు అనగా అంతవరకు ఏ బ్యాంకు వద్దా అప్పు తీసుకోని వ్యక్తి తన పేరున పొందే తొలి క్రెడిట్ కార్డు. భారతదేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతీయువకులలో అనేకులకు పరపతి చరిత్ర దీనితోనే మొదలవుతుంది. తీసుకున్న అప్పులు, వాటిని తీర్చిన తీరు తెలిపే దాఖలాను పరపతి చరిత్ర అంటారు. తరువాత ఇంటి ఋణమో, వాహన ఋణమో కోరినపుడు బ్యాంకు ఈ దాఖలాను పరిశీలిస్తుంది. కనుక మొదటి కార్డును రివార్డు పాయింట్లను బట్టి కాక, ప్రతినెలా బాకీ మొత్తం తీర్చగల వీలును బట్టి ఎంచుకోవలెను.

నేపథ్యం

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టింది. దేశంలో ఈ పని చేసిన తొలి బ్యాంకులలో ఇది ఒకటి. 2020 ఏప్రిల్ 1న ఈ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

2000లో సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో పరపతి సమాచార సంస్థల నియంత్రణకు చట్టం వచ్చింది. దీనితో ఒక బ్యాంకులోని బాకీ వివరాలు మరొక బ్యాంకుకు తెలిసే ఏర్పాటు కలిగింది. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు ఈ సమాచారాన్ని భద్రపరుస్తాయి. బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి వీటికి వివరాలు పంపాలనే నియమం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది.

పరపతి స్కోరు

పై సంస్థలు ఒక్కొక్క వ్యక్తికి 300 నుండి 900 వరకు స్కోరు కడతాయి. సాధారణంగా 750, ఆపైన ఉన్న స్కోరును మంచిదిగా భావిస్తారు. స్కోరును ప్రభావితం చేసే ముఖ్యాంశాలు:

* బాకీలను గడువులోగా చెల్లించడం
* కార్డు పరిమితిలో ఎంత భాగం వాడుతున్నారన్నది. 30 శాతం మించకుండా ఉంటే మంచిదంటారు. పరిమితి 50,000 రూపాయలైతే ఇది 15,000 రూపాయలు.
* ఖాతా ఎంతకాలంగా నడుస్తున్నదన్నది
* ఇటీవల ఎన్ని కొత్త దరఖాస్తులు పెట్టారన్నది

డెబిట్ కార్డుతో గాని, సేవింగ్స్ ఖాతా నుండి యూపీఐ ద్వారా గాని చేసే ఖర్చు సొంత సొమ్ము. అందువలన అది ఎంత ఉన్నా పరపతి చరిత్ర ఏర్పడదు.

చరిత్ర లేనివారికి గల మార్గాలు

కార్డు ఇచ్చే ముందు బ్యాంకు పాత చరిత్ర చూస్తుంది. కార్డు లేనిదే చాలామందికి చరిత్ర మొదలు కాదు. ఈ చిక్కు నుండి బయటపడడానికి రెండు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

* జీతం జమ అయ్యే బ్యాంకు: ఖాతాదారు ఆదాయం బ్యాంకుకు తెలుసు గనుక చిన్న పరిమితితో కార్డు దొరికే అవకాశం ఎక్కువ.
* ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీ కార్డు: డిపాజిట్‌ను పూచీగా ఉంచుకొని, దానిలో కొంత శాతాన్ని పరిమితిగా ఇస్తారు. డిపాజిట్‌పై వడ్డీ యథాతథంగా వస్తుంది. విద్యార్థులకు, జీతపు ఆధారం చూపలేని వారికి ఇది అనువైనది. బాకీ కట్టకపోతే బ్యాంకు డిపాజిట్ నుండి రాబట్టుకొంటుంది.

తల్లిదండ్రుల కార్డుపై అదనపు కార్డు కూడా పొందవచ్చును. అయితే బాకీ బాధ్యత ప్రధాన కార్డుదారుదే కనుక, సొంత చరిత్రకు దీనిని నమ్ముకోరాదు.

ఎంపికలో గమనించవలసినవి

వార్షిక రుసుము లేని కార్డు మొదటి కార్డుగా మేలు. ఉపయోగం తగ్గినా, ఖర్చు లేకుండా దానిని ఏళ్ళ తరబడి ఉంచుకోవచ్చును. వడ్డీ రేటు, ఆలస్య రుసుము, నగదు తీసినపుడు పడే రుసుము ముందే చదవాలి. ఏటీఎంలో కార్డుతో తీసిన నగదుపై సాధారణంగా తీసిన రోజు నుండే వడ్డీ పడుతుంది. ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు చేయడం స్కోరును తగ్గించవచ్చును.

కనీస చెల్లింపు

బిల్లులో మొత్తం బాకీతో పాటు కనీస చెల్లింపు అని ఒక చిన్న మొత్తం చూపుతారు. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, కాని వడ్డీ తప్పదు. ఉదాహరణకు, 20,000 రూపాయల బాకీలో 1,000 కట్టారనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున మిగిలిన 19,000 పై వడ్డీ 665 రూపాయలు. వడ్డీపై 18 శాతం జీఎస్టీ సుమారు 120 రూపాయలు. మరుసటి నెల మరో 1,000 కట్టినా, బాకీ తగ్గేది 215 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీలేని గడువు సాధారణంగా వర్తించదు.

బాకీ పెరిగిన తరువాత బ్యాంకు కొంత తగ్గించుకొని రాజీకి ఒప్పుకొంటే, నివేదికలో ఆ ఖాతా సెటిల్డ్ అని నమోదవుతుంది. పూర్తిగా తీర్చినట్లు కాదు గనుక, తరువాత ఋణం ఇచ్చేవారు దీనిని లోపంగా చూస్తారు. జీతం పడిన వెంటనే మొత్తం బాకీ ఖాతా నుండి తీసుకొనేలా ఆటో డెబిట్ పెట్టుకొంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.

వినియోగదారుల హక్కులు

* అడగని కార్డును బ్యాంకు జారీ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో జారీ చేసిన ఆదేశాలు చెబుతున్నాయి.
* అవే ఆదేశాల ప్రకారం, బాకీ తీర్చినవారు కోరితే కార్డును ఏడు పనిదినాలలో మూసివేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల పరిహారం ఇవ్వాలి.
* పై నాలుగు సంస్థల నుండి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చును. ఈ ఏర్పాటు 2017 నుండి ఉన్నది.
* నివేదికలో తప్పు ఉంటే ఫిర్యాదు చేయవచ్చును. 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* క్రెడిట్ కార్డు
* డెబిట్ కార్డు
* భారతీయ రిజర్వు బ్యాంకు
* ఆంధ్రా బ్యాంకు