నలుసంత ప్రాణి... అరవై ఏళ్ల లెక్క!

తండ్రి మొదలెట్టాడు. కూతురు అందుకుంది. ఆమె తర్వాత ఆమె కూతురు!

తల్లి నగలు కూతురికి, తాత పొలం మనవడికి రావడం మనకు తెలిసిందే. సైబీరియాలోని ఓ కుటుంబంలో మాత్రం మూడు తరాల చేతులు మారింది ఓ సరస్సు తాలూకు చిట్టా. అందులో రాసినవి డబ్బు లెక్కలు కావు. నీళ్లలో నలుసుల్లా తేలే ప్రాణుల లెక్కలు. అవి ఏ రకానివి, ఎన్ని ఉన్నాయి, పిల్లలెన్ని, పెద్దవెన్ని, ఎంత లోతులో దొరికాయి... ఇదే పని, అరవై ఏళ్లకు పైగా!

'ఇదేం పిచ్చి!' అనిపిస్తోంది కదూ? ఆ 'పిచ్చి' లేకపోతే ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు మారిపోతోందన్న సంగతి ఇంత స్పష్టంగా తేలేదే కాదు.

ఆ సరస్సు పేరు బైకాల్. లోతు 1642 మీటర్లు. వయసు దాదాపు రెండున్నర కోట్ల ఏళ్లు. భూమ్మీద గడ్డకట్టకుండా ఉన్న ఉపరితల మంచినీటిలో సుమారు అయిదో వంతు ఈ ఒక్క సరస్సులోనే ఉంది. సముద్రానికి అంత దూరాన, మంచినీళ్లలో, సీల్ జంతువులు కూడా హాయిగా బతుకుతున్నాయిక్కడ.

ఇర్కుట్‌స్క్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు మిఖాయిల్ కొజోవ్ 1945లో ఈ పని మొదలుపెట్టాడు. బొల్షియే కోటీ అనే చిన్న ఊరి దగ్గర, ఒడ్డుకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరాన ఓ చోటు ఎంచుకున్నాడు. సగటున వారం పది రోజులకోసారి అక్కడికి వెళ్లడం, పైనుంచి 250 మీటర్ల లోతు దాకా నీటి పొరల్లోంచి నమూనాలు తీయడం. వేసవిలో పడవ. మరి చలికాలం? సరస్సు గడ్డకడుతుంది కదా! మంచుకు రంధ్రం చేసి అందులోంచి వల దించేవారు. సైబీరియా చలిలో, తడిసిన తాడు పట్టుకుని, చేతులు కొంకర్లు పోతుంటే... ఊహించుకోండి.

కొజోవ్ 1968లో కన్నుమూశాడు. కూతురు ఓల్గా కొజోవా పని ఆగనివ్వలేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి దేశం తలకిందులైనప్పుడూ నమూనాలు తీయడం మానలేదు. 2000లో ఆమె పోయాక ఆ బాధ్యత కూతురు ల్యుబోవ్ ఇజ్‌మెస్తియెవాకి వచ్చింది.

ఇంతకీ ఏమిటివి?

వీటిని జంతు ప్లవకాలంటారు. సొంతంగా ఎదురీదలేక నీటివాలుకు కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులు. వీటిలో ఒకదానితో మనవాళ్లకు పాత పరిచయమే ఉంది. నారికురుపు గుర్తుందా? కాలి మీద పుండు పడి అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. తెలుగునాట కూడా ఎన్నో ఊళ్లు దీనితో అవస్థపడ్డాయి. దిగుడు బావి నీళ్లతో పాటు సైక్లాప్స్ అనే ప్లవకం కడుపులోకి పోతే, దాని ఒంట్లో ఉన్న పురుగు పిల్ల మన ఒంట్లో పెరిగేది. నీళ్లు గుడ్డతో వడకట్టి తాగండని అప్పట్లో ఊరూరా చెప్పింది అందుకే. మన దేశంలో చివరి కేసు 1996లో. జబ్బు పూర్తిగా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

అలాగని ప్లవకాలన్నీ చెడ్డవనుకునేరు! సరస్సులో పచ్చటి నాచును మేసేవి ఇవి. వీటిని చేప పిల్లలు తింటాయి. బైకాల్‌లో ఈ మేత పనంతా ఎక్కువగా చేసేది ఎపిషురా అనే ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రాణి. చల్లటి నీళ్లే దానికి ఇష్టం. ఈ సరస్సు దాని పుట్టిల్లు.

దీనికి భిన్నమైనవి క్లాడోసెరా జాతులు. నీటి ఈగలంటామే, డాఫ్నియా వంటివి. నీళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఇబ్బడి ముబ్బడిగా పెరిగిపోతాయి. పరిస్థితులు బాగున్నంత కాలం వీటికి మగ తోడే అక్కర్లేదు. తల్లులు ఒంటరిగానే కూతుళ్లను కనేస్తాయి. మగవి కనిపించాయంటే కష్టకాలం వస్తోందన్నమాట! (నవ్వకండి, శాస్త్రం చెప్పిన మాటే.)

కన్ను తిరగాలంటే...

సరే, వలలో పడ్డవాటిని లెక్కపెట్టడం ఏమంత పని, ఎవరైనా చేస్తారు అనుకుంటాం. అక్కడే ఉంది కిటుకు. గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకోగానే కొత్తవో పాతవో చెప్పేసే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఎలా తెలిసిందని అడిగితే 'చూస్తే తెలీదూ?' అంటారు. ఆ చూడటం వెనుక ఎన్ని ఏళ్లు వంట గదిలో గడిచాయో ఎవరూ లెక్కవేయరు. మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి పనీ అంతే.

ఎపిషురా, సైక్లాప్స్ వంటి కోపిపోడ్‌ల సంగతే చూడండి. గుడ్డు నుంచి పిల్ల బయటికొచ్చాక ఆరు దశలు మారుతుంది. ఆ పిల్లకు తల్లి పోలిక బొత్తిగా ఉండదు. తర్వాత మరో అయిదు దశలు. ఆపైనే అది పెద్దదవుతుంది. ఒకే తల్లి బిడ్డలు పన్నెండు వేషాల్లో కనిపిస్తాయన్నమాట. సైక్లాప్స్‌లో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా తేలాలంటే అయిదో జత కాళ్లు చూడాలి. దాని ఒళ్లే మిల్లీమీటరు. ఆ కాలిని సన్నటి సూదితో విడదీసి, దాని మీద ముళ్లెలా ఉన్నాయో పరీక్షించాలి. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. ఒక నమూనా ముగిసేసరికి కళ్లు మంటలు, మెడ నొప్పి. ఇంత చేసినా ప్రయోగశాలల్లో దీన్ని 'లెక్కపెట్టే పని'గానే చూసే వాళ్లకు కొదవ లేదు. నాకైతే ఇది అన్యాయమనిపిస్తుంది.

చిట్టా విప్పితే

అమెరికాలోని వెల్‌స్లీ మహిళా కళాశాల అధ్యాపకురాలు మరియాన్ మూర్ విద్యార్థినులను వెంటబెట్టుకుని బైకాల్ వెళ్లినప్పుడు ఈ చిట్టా సంగతి తెలిసింది. రష్యా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి కూర్చున్నారు. స్టెఫనీ హాంప్టన్, మూర్, ఇజ్‌మెస్తియెవా తదితరుల పరిశోధన 2008లో వెలువడింది.

అంత పెద్ద సరస్సు, అన్ని నీళ్లు... వాతావరణం మారినా తొందరగా చలించదులే అని అప్పటిదాకా అనుకున్నారు. చిట్టా మరోలా చెప్పింది. 1946 నుంచి పైనీటి ఉష్ణోగ్రత 1.21 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. నాచు ఎంతుందో చెప్పే పత్రహరితం 1979 నుంచి 300 శాతం పెరిగింది. వెచ్చదనం కోరే క్లాడోసెరా 1946 నుంచి 335 శాతం పెరిగాయి. అంటే నాలుగింతలు దాటాయి!

ఉష్ణోగ్రత కొలవడానికి థర్మామీటరు చాలు. ఆఖరి లెక్కకు మాత్రం మనుషులే కావాలి. ఆ అరవై ఏళ్లలో ఎవరైనా విసుగెత్తి 'జంతు ప్లవకాలు: ఇన్ని' అని ఒకే అంకె రాసి ఊరుకుని ఉంటే? ఎపిషురా గుంపులో ఈ నీటి ఈగల పెరుగుదల కలిసిపోయి ఎవరి కంటా పడేది కాదు. మేసేవి మారితే నాచు, చేపలు, ఆ చేపల్ని నమ్ముకున్న సీల్ దాకా లెక్క మారే వీలుంటుంది.

పేరు తెలియడం నిజంగా అంత ముఖ్యమా అంటే, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మెండోటా సరస్సు కథ వినాలి. 2009లో అక్కడ పొడుగాటి ముల్లు తోకగా ఉన్న విదేశీ నీటి ఈగ బయటపడింది. నాచును బాగా మేసి నీటిని తేటగా ఉంచే పెద్ద డాఫ్నియా జాతి దానికి ఆహారమైపోయింది. నీటిలో చూపు ఆనే లోతు దాదాపు మీటరు తగ్గింది. మళ్లీ పాత తేటదనం రావాలంటే 8.65 కోట్ల నుంచి 16.3 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని 2016లో లెక్కతేల్చారు. తమాషా ఏమిటంటే, ఆ సరస్సులో ఇంకో డాఫ్నియా జాతి కూడా ఉంది. అది చిన్నది, మేత తక్కువ. రెంటినీ కలిపి 'డాఫ్నియా' అని రాసుకుంటే ఏం పోయిందో కూడా తెలియదు.

ఇప్పుడు డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చాయి కదా, ఇంకా ఈ సూదులూ కళ్లజోళ్లూ దేనికి అనేవాళ్లున్నారు. చెంబుడు నీళ్లతో ఏ జాతులున్నాయో చెప్పేస్తుందట, సంతోషమే. అయితే ఎన్ని ఉన్నాయో అది సరిగ్గా చెప్పలేదు. పిల్లలా పెద్దవా, గుడ్లు మోస్తున్నాయా లేదా అన్నది చెప్పలేదు. పైగా, ఫలానా డి.ఎన్.ఎ. ఫలానా జాతిదని మొదట నిర్ణయించాలంటే ఆ ప్రాణిని చూసి పేరు చెప్పగలిగిన మనిషి ఉండాలి. అలాంటి వాళ్లు రిటైరైపోతుంటే ఆ కుర్చీల్లోకి వచ్చేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి నేర్చుకోవాలి, పేరు రాదు, డబ్బు అంతకన్నా రాదు. ఎవరు ముందుకొస్తారు చెప్పండి?

ఈ విద్య మనకు కొత్తేం కాదు. మన చెరువుల్లోనూ కనిపించే డయాప్టోమిడే అనే కోపిపోడ్ కుటుంబాన్ని జాతులవారీగా గుర్తుపట్టడానికి ప్రపంచమంతా వాడుకునే పుస్తకం ఒకటి 1994లో వచ్చింది. రాసింది గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య వై. రంగారెడ్డి. జువాలజీ చదువుతున్న అమ్మాయిలు ఎప్పుడైనా లైబ్రరీలో దొరికితే తిరగేసి చూడండి.