పాత కారుకు కొత్త ఇంజను – ముందు చూడవలసినవి బ్రేకులు

1976వ సంవత్సరములో జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కంపెనీ గోల్ఫ్ జి.టి.ఐ. అను చిన్న కారును అమ్మకమునకు తెచ్చినది. వెనుక భాగము తలుపువలె పైకి తెరచుకొను ఇట్టి కారును హాచ్‌బాక్ అందురు. సంసారపక్షపు హాచ్‌బాక్‌లో జోరైన ఇంజనును అమర్చినచో అది ‘హాట్ హాచ్’ అగును. గోల్ఫ్ జి.టి.ఐ. బరువు 800 కిలోగ్రాములకు కొంచెము ఎక్కువ. దాని ఇంజను పరిమాణము 1,588 ఘన సెంటీమీటర్లు, సామర్థ్యము 110 హార్స్‌పవర్. గంటకు 180 కిలోమీటర్ల వేగము దానికి సాధ్యమయ్యెను.

ఆ తొలి తరము కార్లు నేడు పాతబడినవి. అయినను ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలో ఔత్సాహికులు వాటిని ఇంటి షెడ్డులోనే విప్పి బాగుచేసుకొనుచున్నారు. కొందరు అంతటితో ఆగరు. 1990 దశకములో వచ్చిన గోల్ఫ్‌లలోని 2 లీటర్ల, 16 వాల్వుల, 150 హార్స్‌పవర్ ఇంజనును తెచ్చి పాత కారులో బిగింతురు. ఇంజను చక్కగా కూర్చున్నంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. జోరు పెరిగిన కారు ఆగవలెను గదా!

వేగము పెరిగిన కొలది

కదలుచున్న వస్తువునకు గతిజశక్తి ఉండును. ద్రవ్యరాశిని వేగముయొక్క వర్గముతో గుణించి, అందులో సగము తీసికొన్నచో ఆ శక్తి తెలియును. డ్రైవరుతో కలిపి కారు 900 కిలోగ్రాములున్నదనుకొందము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున దాని గతిజశక్తి సుమారు 3 లక్షల 47 వేల జౌళ్లు. వేగము 140 కిలోమీటర్లయినచో అది సుమారు 6 లక్షల 80 వేల జౌళ్లగును. వేగము ఒకటిన్నర రెట్లయినను కాలేదు. శక్తి మాత్రము దాదాపు రెట్టింపైనది.

బ్రేకు వేసినప్పుడు ఈ శక్తి ఎక్కడికి పోవును? అందులో చాలా భాగము బ్రేకు ప్యాడ్లకు, డిస్కులకు మధ్య ఘర్షణచేత ఉష్ణముగా మారును. 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి ఆగుటలో విడుదలయ్యే శక్తితో ఒక లీటరుకు పైగా నీటిని 30 డిగ్రీల నుండి మరుగువరకు కాచవచ్చును. ఎక్కువ సామర్థ్యముగల ఇంజను కారును ప్రతి మలుపు తరువాతను త్వరగా పెద్ద వేగమునకు చేర్చును. అందుచేత బ్రేకులకు చేరు ఉష్ణము హెచ్చును. చల్లారుటకు వ్యవధి తగ్గును.

ద్రవములో చేరిన నీరు

పెడలును తొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని ద్రవముపై పీడనము కలుగును. పాస్కల్ సూత్రము ప్రకారము ఆ పీడనము పైపుల ద్వారా నాలుగు చక్రములకును ప్రసరించును. ద్రవము దాదాపు నొక్కుడుపడదు గనుకనే ఈ ఏర్పాటు పనిచేయుచున్నది.

అయితే సాధారణముగా వాడు బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 4 రకము ద్రవము కొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదని నియమము. అందులో నూటికి 3.7 వంతుల నీరు చేరిన స్థితిలో ఆ పరిమితి 155 డిగ్రీలే. చక్రమువద్ద వేడికి ద్రవము మరిగి ఆవిరి బుడగలు ఏర్పడినచో, ఆవిరి సులభముగా నొక్కుడుపడును. పెడలు నేలవరకు దిగును, కారు ఆగదు. చూచుటకు ద్రవము శుభ్రముగానే ఉండవచ్చును. అందుచేతనే తయారీదారు చెప్పిన గడువున, సాధారణముగా రెండేండ్లకొకసారి, దానిని పూర్తిగా మార్చవలెను.

కుడివైపు స్టీరింగుతో వచ్చిన చిక్కు

జర్మనీలో స్టీరింగు ఎడమవైపున ఉండును. ఇంగ్లండు కొరకు దానిని కుడివైపునకు మార్చినప్పుడు పెడళ్లు కూడ కుడివైపునకు వచ్చినవి గాని, మాస్టరు సిలిండరు ఎడమవైపుననే నిలిచిపోయినది. ఈ రెంటిని కలుపుటకు కారు అడ్డముగా ఒక పొడవైన కడ్డీని అమర్చిరి. ఏండ్లు గడచిన కొలది దాని కీళ్లలోని బుష్‌లు అరిగి సందులు ఏర్పడును. పాదము చేసిన పనిలో కొంత ఆ సందులను పూడ్చుటకు, కడ్డీని వంచుటకు వ్యర్థమగును.

కారణమును పోల్చుకొనుటకు ఒక ఉపాయమున్నది. పెడలును వరుసగా రెండు మూడు సారులు తొక్కగా అది గట్టిపడినచో, పైపులలో గాలి చేరినదనియో, వెనుక డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు సడలినదనియో అనుమానింపవలెను. అట్లు గట్టిపడనిచో, ఒకరు పెడలు తొక్కుచుండగా మరొకరు కడ్డీ రెండు కొసలను గమనింపవలెను. ఒక కొస కదలినను రెండవది ఆలస్యముగా కదలుచున్నచో దోషము ఆ కీళ్లలోనే ఉన్నది. అప్పుడు ఎంత పెద్ద డిస్కులు తెచ్చి బిగించినను ఆ దోషము తీరదు.

షెడ్డులో పాటింపవలసినవి

జాకీ కారును ఎత్తుటకే గాని, మోసి నిలుపుటకు కాదు. లోపలి సీలు ఒకటి తెగినచో కారు క్షణములో క్రిందికి దిగును. కావున గట్టి సమతల నేలపై కారును నిలిపి, నేలమీద ఉండు చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టి, జాకీతో ఎత్తిన పిదప స్టాండ్లపై ఆనించిననే గాని దాని క్రిందికి ఎవరును పోరాదు. ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండుట సామాన్యము. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. దానిని ఊదరాదు, పొడిగా దులుపరాదు. బ్రేకు ద్రవము రంగును పాడుచేయును గనుక, ఒలికినచో వెంటనే నీటితో కడుగవలెను.

పని వరుస ఇప్పుడు స్పష్టము: మొదట బ్రేకులు, తరువాత టైర్లు, పిదప స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు. ఇంజను అన్నిటికంటె చివర. ఇది సైకిలునకు కూడ వర్తించును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు 30 కిలోమీటర్ల వేగమును అందుకొన్నచో దాని బ్రేకులు ఎన్ని రెట్ల శక్తిని ఉష్ణముగా మార్చవలసి వచ్చునో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. జవాబు ఒకటిన్నర కాదు; రెండుంబావు.