అంతా అడిగే తీరులోనే ఉంది



ఆమధ్య మా ఇంట్లో బట్టలుతికే మెషిను ఆగిపోయింది. ఫోనులో కంపెనీ పేరు, పక్కన కస్టమర్ కేర్ నంబరు అని కొట్టి, మొట్టమొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేశాను. అవతలాయన "అమ్మా, అమ్మా" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడి, "పది రూపాయలు కట్టండి, ఫిర్యాదు రాసుకుంటాం" అని ఏదో యాప్ వేయించాడు. కాసేపట్లో నా ఖాతాలోంచి ఎనిమిది వేలు పోయాయి! ఆ నంబరు అసలు కంపెనీదే కాదు. మావారు ఒక్క మాటా అనలేదు గానీ, పండక్కని కూడబెట్టిన డబ్బాయె, నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

తప్పెక్కడ జరిగిందని మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

గూగుల్ లాంటి సెర్చ్ ఇంజను మనం అడిగినప్పుడు లోకమంతా గాలించదు. ముందే కోట్ల పేజీలు చదివి, పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది తయారుచేసి పెట్టుకుంటుంది. మనం ఇచ్చిన మాటలు ఏ పేజీల్లో ఉన్నాయో అందులో చూసి, వరుసగా పేర్చి చూపిస్తుంది. పదిమంది దారి చూపే పేజీని ముందుకు తేవాలన్నది 1998లో గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల ఆలోచన. తరవాత ఇంకా ఎన్నో లెక్కలు చేరాయి. ఇక డబ్బిచ్చిన ప్రకటనలు స్పాన్సర్డ్ అన్న మాటతో వస్తాయి, తరచు అన్నిటికన్నా పైనే. కాబట్టి ముందున్నదల్లా నమ్మదగ్గదని కాదు.

మరి ఎలా అడగాలంటారా? జవాబున్న పేజీలో ఏ మాటలుంటాయో ఊహించి, ఆ మాటలే ఇవ్వాలి. "మెషిను పాడైంది" అంటే ఏం తెలుస్తుంది? మోడల్ పేరు, తెర మీద కనిపించిన అక్షరాలు కలిపి ఇవ్వండి. "కొబ్బరి మామిడికాయ పచ్చడి" అని కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే, ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వెతుకుతుంది. పులిహోర అని రాసి, కాస్త ఖాళీ వదిలి, మైనస్ గుర్తుకు ఆనించి చింతపండు అని రాస్తే, చింతపండు మాటున్న పేజీలు తీసేస్తుంది. రేషన్ కార్డు లాంటి సర్కారు పనికైతే, ఇంగ్లీషు అక్షరాల్లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా జీవోవీ డాట్ ఇన్ అని చేర్చండి. ప్రభుత్వ పేజీలే వస్తాయి.

ఈమధ్య పైన కృత్రిమ మేధ రాసిన జవాబు కూడా కనిపిస్తోంది. అందులోనూ పొరపాట్లుంటాయి. మందుల సంగతీ డబ్బు సంగతీ అయితే అసలు పేజీ తెరిచి, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూడందే నమ్మకండి.

ఇక ఫోన్ నంబర్లంటారా, వెతకనే వద్దు. బ్యాంకుది మీ కార్డు వెనకాలే ఉంటుంది. మెషినుది వారంటీ కాగితం మీద ఉంటుంది. నేను ఆ కాగితం బీరువాలో పెట్టుకునే ఫోనులో వెతికాను! ఖర్మకాలి ఎవరైనా మోసపోతే, సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

వంకాయలు కొనేటప్పుడు పైనున్నవే బుట్టలో వేసుకోం కదా, తిప్పి చూసి ఏరుకుంటాం. ఇక్కడా అంతే.

సెలవు.