స్థిరాస్తి లెక్కల నమూనా: ఏ శిక్షణ మేలు?

విజ్ఞాన శాస్త్రంలో నమూనా లేనిదే పని సాగదు. వాయువుల పీడనానికీ, ఘనపరిమాణానికీ, ఉష్ణోగ్రతకూ గల సంబంధాన్ని తెలిపే ఆదర్శ వాయు సూత్రం అలాంటి నమూనాయే. వాయు అణువులకు పరిమాణం లేదనీ, వాటి మధ్య ఆకర్షణ లేదనీ ఆ సూత్రం ఊహిస్తుంది. పీడనం తక్కువగా ఉన్నంతవరకు ఈ ఊహల వల్ల నష్టం లేదు. పీడనం బాగా పెరిగినప్పుడు లెక్క తప్పుతుంది. 1873లో వాన్ డెర్ వాల్స్ ఆ రెండు ఊహలనూ సవరించి కొత్త సమీకరణం ప్రతిపాదించాడు. నమూనా ఏ ఊహలపై నిలిచి ఉన్నదో తెలియనివారు దానిని వాడటం ప్రమాదకరం.

స్థిరాస్తి వ్యాపారంలోని ఆర్థిక నమూనాకూ ఈ మాట వర్తిస్తుంది. అద్దె ఇళ్ల సముదాయాన్ని కొనేముందు రాబోయే అయిదు, పది సంవత్సరాల అద్దెలు, ఖర్చులు, అప్పు వాయిదాలు, చివరకు వచ్చే అమ్మకపు ధర – వీటిని ఎక్సెల్ పట్టికలో అమర్చి, పెట్టుబడికి ఎంత ప్రతిఫలం వస్తుందో అంచనా కట్టడమే ఈ నమూనా. అమెరికాలోని తెలుగు కుటుంబాలలో కొందరు మిత్రులతో కలిసి ఇటువంటి ఆస్తులలో మదుపు చేస్తున్నారు. ఈ రంగంలో ఉద్యోగం ఆశించే యువతీయువకులూ ఉన్నారు. ఉభయులకూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ విద్యను ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

దీనికి జవాబు వెదికే ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. పది ఇళ్లున్న భవనం. ఒక్కొక్క ఇంటికి నెలకు 1,500 డాలర్ల అద్దె. ఏడాదికి 1,80,000. ఖాళీల కింద 5 శాతం తీసివేస్తే 1,71,000. అందులో 40 శాతం ఖర్చులు పోగా నికర ఆదాయం 1,02,600. నికర ఆదాయాన్ని కొనుగోలు ధరతో భాగిస్తే వచ్చేది క్యాప్ రేటు. అది 6 శాతమైతే భవనం ధర 17,10,000 డాలర్లు. అయిదేళ్ల తరువాత ఆదాయం మారకుండా క్యాప్ రేటు మాత్రం 7 శాతమైతే, ధర సుమారు 14,65,700కు పడిపోతుంది. అంటే 14 శాతం నష్టం. కాని ధరలో 70 శాతం అప్పు తెచ్చినవారి స్వంత సొమ్ము 5,13,000 మాత్రమే. తీరిన అసలును పక్కన పెడితే, అందులో దాదాపు 48 శాతం పోయినట్లే.

అప్పు సంగతి కూడా చూడాలి. 11,97,000 డాలర్ల అప్పును 6.5 శాతం వడ్డీతో 30 ఏళ్లలో తీర్చాలంటే ఏటా సుమారు 90,800 కట్టాలి. నికర ఆదాయం ఇందుకు 1.13 రెట్లే, 1.25 రెట్లు ఉండాలనే బ్యాంకు అసలు ఈ అప్పే ఇవ్వదు. వడ్డీ 8.5 శాతమైతే ఏటి వాయిదాలు 1,10,400 దాటుతాయి. అప్పుడు వచ్చే ఆదాయం వాయిదాలకే చాలదు.

ఇది కేవలం ఊహ కాదు. 2022 మార్చి నుంచి 2023 జూలై లోపల అమెరికా ఫెడరల్ రిజర్వు తన వడ్డీ రేటును సున్నాకు దగ్గర నుంచి 5.25–5.50 శాతానికి పెంచింది. 2023 ఏప్రిల్‌లో హూస్టన్ నగరంలో, చిన్న మదుపుదారుల నుంచి సేకరించిన సొమ్ముతో, మారే వడ్డీ అప్పుతో కొన్న 3,000కు పైగా అపార్టుమెంట్లు అప్పుల కింద జప్తు అయ్యాయి.

కాబట్టి శిక్షణను ఎంచుకునేటప్పుడు మొదట గమనించవలసినది, అది ఊహలను పరీక్షించడం నేర్పుతుందా అన్నది. సిద్ధంగా ఉన్న పట్టికను చేతికిచ్చి అంకెలు నింపమనే శిక్షణ వల్ల ప్రయోజనం తక్కువ. ఖాళీ కాగితంతో మొదలుపెట్టి అద్దె, నికర ఆదాయం, అప్పు, అమ్మకం, భాగస్వాముల వాటాల పంపకం వరకు విద్యార్థి చేతనే కట్టించాలి. వడ్డీ, ఖాళీలు, క్యాప్ రేటు ఒక్కొక్కటి మారితే ఫలితం ఎంత మారుతుందో పట్టిక వేయించాలి. విద్యార్థి చేసిన పనిని ఎవరైనా దిద్దాలి. ప్రయోగశాలలో గురువు దిద్దని నోటుపుస్తకం వంటిదే దిద్దని నమూనా.

ఇక ఎవరికి ఏది తగును? ఉద్యోగం కోరే యువతకు విశ్వవిద్యాలయ విద్య మేలు. ఎం.ఐ.టి.లో స్థిరాస్తి అధ్యయన కేంద్రం 1983లోనే ఏర్పడింది. ఆ సంస్థ ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఈ విషయంపై కొన్ని పాఠాలు ఉచితంగా లభిస్తాయి. వృత్తిలో ఉన్నవారికి సి.సి.ఐ.ఎం. సంస్థ పెట్టుబడి విశ్లేషణలో పాఠ్యక్రమాలు నడుపుతున్నది. పెద్ద కార్యాలయ భవనాలలో, వ్యాపార సముదాయాలలో ఒక్కొక్క అద్దెదారుకు ఒక్కొక్క ఒప్పందం ఉంటుంది గనుక ఆర్గస్ అనే సాఫ్టువేరు వాడుకలో ఉంది. ఆ రంగంలోకి వెళ్లేవారు దానిని నేర్చుకోవాలి. సొంత మదుపును బేరీజు వేసుకోదలచిన ఇంజనీరుకో, వైద్యుడికో ఎక్సెల్ చాలును. వారు ముందుగా ఉచిత పాఠాలు చదివి, చాలకపోతేనే రుసుము చెల్లించడం మంచిది.

జాగ్రత్తలు రెండు. పాఠం చెప్పేవారే మదుపు కూడా చేయమని అడుగుతుంటే, అది శిక్షణయో ప్రచారమో విచారించుకోవాలి. రెండవది, దశాంశాల మోహం. ఖాళీల శాతం 5 అన్నది అంచనాయే అయినప్పుడు, ప్రతిఫలం 17.43 శాతమని చెప్పడంలో అర్థం లేదు. కొలతలో లేని కచ్చితత్వం ఫలితంలోకి రాదని రసాయన శాస్త్ర విద్యార్థి మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటాడు.

శిక్షణ ఫలించిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ఎవరైనా మదుపు పత్రం తెచ్చి ఇచ్చినప్పుడు అందులోని లెక్కను ఖాళీ పట్టికపై తిరిగి కట్టాలి; వడ్డీ రెండు శాతం, క్యాప్ రేటు ఒక శాతం పెంచి చూడాలి. ఆ తరువాత కూడా కుటుంబం తట్టుకోగలిగిన నష్టమే మిగిలితే ముందుకు సాగవచ్చు. లేకుంటే ఆ పత్రాన్ని మర్యాదగా తిరిగి ఇచ్చివేయడం ఉత్తమం.