సెల్ఫ్ కొట్టినా కదలని లారీ

తెల్లవారుజామున నిజాంపట్నం హార్బర్లో చేపల లోడు ఎక్కించుకున్న పాత లారీ, సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఊరుకుంటుంది. ‘బ్యాటరీ పోయింది’ అంటారు చుట్టూ చేరినవాళ్లు. రేపల్లె, బాపట్ల, తెనాలి... ఎక్కడ ఆగినా వినిపించే మాట ఇదే. ఆ మాట నమ్మి కొత్త బ్యాటరీ కొనేముందు సెల్ఫ్ మోటారు పుట్టుక కొంచెం తెలుసుకోవాలి.

ఒకప్పుడు హ్యాండిల్ తిప్పితేనే ఇంజిన్ లేచేది. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. క్యాష్ రిజిస్టరుకు ఎలక్ట్రిక్ మోటారు అమర్చిన అమెరికా ఇంజినీరు చార్లెస్ కెటరింగ్‌కు ఒక సంగతి తెలుసు: కొన్ని సెకన్లే తిరిగే చిన్న మోటారు, తన శక్తికి మించిన బరువునూ లాగి పారేయగలదు. 1912 కాడిలాక్ కార్లకు ఆయన సెల్ఫ్ ఎక్కింది. దానికి ఊపిరి, 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీ.

ఆ కొన్ని సెకన్లలోనే పెద్ద లారీ సెల్ఫ్ వందల ఆంపియర్లు తాగుతుంది. 300 ఆంపియర్ల దారిలో ఓమ్‌లో వందో వంతు అడ్డు తగిలినా 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. సముద్రపు ఉప్పుగాలిలో తిరిగే బండికి ఆ అడ్డు తరచు ఎర్త్ తీగ బోల్టు దగ్గర, తుప్పు రూపంలో ఉంటుంది. మీటరు ఒక కొస ఇంజిన్‌కు, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే తప్పు బ్యాటరీది కాదు, ఎర్త్‌ది.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదిహేడో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కితే 500 డిగ్రీలు దాటే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ఆ వేడి సిలిండర్ గోడలకే పోతుంది. అదే సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ లేవకపోతే పొగ చూడండి. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది, కాలడం లేదు. అసలు పొగే లేకపోతే పైపుల్లో గాలి పట్టి, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోయి ఉండవచ్చు. చేతిపంపు కొట్టి గాలి తీయాలి. ఈ లోపం తెలియక పదేపదే సెల్ఫ్ కొట్టడం వల్లే బ్యాటరీ చచ్చిపోతుంది. చివరికి నింద దాని మీదే పడుతుంది.

ఇక నిలబెట్టిన బండిలో కరెంటు కారిపోవడం. 1 ఆంపియర్ లీకయితే మూడు రోజుల్లో 72 ఆంపియర్-గంటలు పోతాయి. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇక మిగిలేదెంత? పొద్దున్నే, ఇంజిన్ వేయకముందే, ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే లోపలి డయోడ్ పాడై రాత్రంతా కరెంటు కారిందన్నమాట. చల్లగా ఉంటే మైనస్ తీగ విప్పి మధ్యలో ఆంపియర్ మీటరు పెట్టి, ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోండి. ఏ ఫ్యూజు తీస్తే ముల్లు పడిపోతుందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు. మీటరు పెట్టి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, కాలిపోతుంది.

బ్యాటరీ మంచిదో కాదో కూడా లోపలి యాసిడ్ గ్రావిటీ చూసి తేల్చండి. నిండుగా చార్జ్ అయితే 1.265 దగ్గర ఉండాలి. ఒక్క గడిలో (సెల్‌లో) మాత్రమే బాగా తగ్గితే అప్పుడు నిజంగానే బ్యాటరీ మార్చాలి.