తడి ఆరని రాళ్లు

ఏటి ఒడ్డున ఏరుకున్న గులకరాయిని ఇంటికి తెచ్చుకున్న ప్రతివాళ్లకీ ఒక నిరాశ తెలిసే ఉంటుంది. నీళ్లలో ఉన్నప్పుడు తేనె రంగులో, చారలు చారలుగా మెరిసిన రాయి, జేబులోంచి తీసేసరికి బూడిద ముద్దలా ఉంటుంది. నిజానికి దాని రంగు ఎక్కడికీ పోలేదు. ఆరిన రాయి ఒంటి నిండా కంటికి ఆనని గీతలు, గుంటలు ఉంటాయి. పడిన వెలుతురుని అవి తలో దిక్కుకీ చెదరగొడతాయి. అలా చెదిరిన తెల్లటి వెలుతురు లోపలి రంగుని కప్పేస్తుంది. నీళ్లు ఆ గుంటల్ని నింపి పైభాగాన్ని నున్నగా చేస్తాయి కాబట్టి తడిరాయిలో రంగు బయటపడుతుంది. నీళ్లు ఆరాయా, మళ్లీ మొదటికే.

రాళ్ల టంబ్లర్ ఆ తడిని రాయి మీద శాశ్వతంగా నిలబెట్టే యంత్రం. టంబ్లర్ అంటే ఇక్కడ నీళ్లు తాగే గ్లాసు కాదు, అడ్డంగా పడుకోబెట్టి తిప్పే డబ్బా. అందులో రాళ్లు, నీళ్లు, గరుకు పొడి వేసి వారాల తరబడి తిప్పుతూ ఉంటే అవే ఒకదాన్నొకటి సానపట్టుకుంటాయి. రెడీమేడ్‌వి దొరుకుతాయి గానీ, ఇంజనీరింగ్ చదువుతూ దీన్ని కొనుక్కోవడం నాకెందుకో మనసొప్పలేదు. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు వైపులా మూతలు, లోపల శబ్దం తగ్గడానికి పాత ట్యూబు రబ్బరు, కింద రెండు రోలర్లు, ఒక గేర్ మోటార్. ఇంతే సరంజామా. ఏడాదిన్నరగా మా ఇంటి పెరటి వరండాలో తిరుగుతోంది.

అందరూ అడిగే మొదటి ప్రశ్న: ఇంకాస్త స్పీడుగా తిప్పితే తొందరగా అవదా? అవదు. ఎందుకో ఫస్టియర్ ఫిజిక్సే చెబుతుంది. డబ్బా తిరుగుతుంటే రాళ్లు గోడతో పాటు కొంత ఎత్తుకి లేచి, అక్కణ్నుంచి జారుతూ కిందికి దొర్లుతాయి. ఆ జారుడులోనే అరుగుదల అంతా. వేగం పెంచుకుంటూ పోతే ఒక దగ్గర రాళ్లు జారడం మానేసి గోడకి అతుక్కుని డబ్బాతో పాటే గుండ్రంగా తిరుగుతాయి. పైకొనకి వచ్చిన రాయి మీద ఎంజీకి, ఎం ఒమేగా స్క్వేర్ ఆర్ సమానమయ్యే వేగం అది. నా డబ్బా లోపలి వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. 9.8ని 0.05తో భాగిస్తే 196, దాని వర్గమూలం 14. అంటే సెకనుకి 14 రేడియన్లు, నిమిషానికి దాదాపు 134 చుట్లు. అక్కడ అరుగుదల సున్నా. దానికి కొంచెం తక్కువలో తిప్పితే ఇంకా ఘోరం, రాళ్లు పైనుంచి ఎగిరిపడి ఒకదాన్నొకటి పగలగొట్టుకుంటాయి. నా మోటార్ నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది, రోలర్ 2.5 సెంటీమీటర్లు, డబ్బా బయటి వ్యాసం 11. కాబట్టి డబ్బాకి దక్కేది దాదాపు 45 చుట్లు, హద్దు వేగంలో మూడో వంతు. చూడ్డానికి నత్తనడకే. కానీ పని జరిగేది ఆ నడకలోనే.

కరెంటు బిల్లు గురించి అమ్మకి లెక్క రాసి చూపించాల్సి వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. 20 వాట్ల మోటార్ 28 రోజులు ఆగకుండా తిరిగితే 13.44 యూనిట్లు. అమ్మ ఒప్పుకుంది. శబ్దానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇక రాళ్ల ఎంపిక. నా దృష్టిలో సగం విద్య ఇక్కడే ఉంది. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఆయన ఖనిజాల గట్టిదనానికి ఒకటి నుంచి పది వరకు వరస కట్టాడు. ఏది దేన్ని గీయగలదు అన్నదే కొలత. మనకి కావాల్సినవి ఏడు దగ్గర ఉన్నవి: పలుగురాయి, జాస్పర్, అగేట్. హైదరాబాద్ పాతబస్తీలో ఉంగరాల్లో అకీక్ అని పెట్టి అమ్మేది అగేట్ జాతిదే. పాత గాజు సీసా మీద రాయి మొనతో గట్టిగా గీయండి. గీత పడితే పనికొస్తుంది. పడకపోతే పక్కన పెట్టేయండి.

గోదావరి గులకల్లో అగేట్ దొరకడానికి ఒక కారణం ఉంది. త్ర్యంబకం దగ్గర పుట్టిన నది మహారాష్ట్రలో దక్కను నల్లరాతి మీదుగా పారి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. ఆ నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. లావా గడ్డకట్టినప్పుడు లోపల గాలి బుడగలు ఖాళీలుగా మిగిలిపోయాయి. తర్వాత సిలికా కలిసిన నీళ్లు వాటిలోకి ఇంకి, పొర మీద పొరగా పేరుకున్నాయి. అగేట్ చారలు ఆ పొరలే. చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోయాక గట్టి అగేట్ ముద్ద ఏట్లో పడి దొర్లుకుంటూ వస్తుంది. వికారాబాద్ వైపు కూడా ఆ లావా పొరలే ఉన్నాయి. హైదరాబాద్ చేరేసరికి అంతా గ్రానైట్.

గ్రానైట్ అనగానే, వంటింటి గట్టు అద్దంలా మెరుస్తుంది కదా, టంబ్లర్‌లో ఎందుకు వేయకూడదు అంటారు. గ్రానైట్ ఒక్క రాయి కాదు, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, మైకా కలిసిన గుంపు. వాటి గట్టిదనాలు ఏడు, ఆరు, రెండున్నర. పలకని ఫ్యాక్టరీలో పాలిష్ చేసేటప్పుడు చదునైన పళ్లెం ఒకే మట్టంలో అరగదీస్తుంది. డబ్బాలో పొడి రాయిని అన్ని వైపుల నుంచీ గిల్లుతుంది. మైకా ముందు ఊడిపోయి ఆ చోట గుంటలు పడతాయి. తాండూరు బండ, కడప బండ అయితే అసలే సున్నపురాళ్లు, గట్టిదనం మూడు దగ్గర. రెండు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుసమంటాయి. ఏడున్న రాళ్ల మధ్య మూడున్నదాన్ని వేస్తే మిగిలేది బురదే. గట్టిదనం సమానంగా ఉన్నవాళ్లే ఒక డబ్బాలో నెగ్గుకొస్తారు. (మా నాయనమ్మ మాత్రం "వజ్రమేమైనా దొరికిందిట్రా" అని ప్రతిసారీ అడుగుతుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వెతికేవాళ్ల కథలు విని ఉంది. దొరికినా నా డబ్బాలో దాని మీద గీత కూడా పడదు నాయనమ్మా.)

గరుకు పొడి అంటే సిలికాన్ కార్బైడ్. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికన్ కనిపెట్టి కార్బొరండం అని పేరు పెట్టాడు. మన దగ్గర మొజాయిక్ ఫ్లోర్ పాలిష్ పట్టే మెషిన్ కింద తిరిగే రాళ్లు కూడా దాంతో చేసినవే. గట్టిదనంలో వజ్రం కంటే తక్కువ, పలుగురాయి కంటే చాలా ఎక్కువ. మొదటి వారం 80 నంబరు పొడి, రెండో వారం 220, మూడో వారం 500, చివరి వారం మైక్రాన్ సైజు అల్యూమినియం ఆక్సైడ్. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది. డబ్బాలో మూడింట రెండు వంతులకి కాస్త పైగా రాళ్లు, పై వరస మునగకుండా నీళ్లు, కిలో రాళ్లకి నాలుగు టేబుల్ స్పూన్ల పొడి. నాకు మొదటి దశ ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. కోణాలు, పగుళ్లు పోయేదాకా 220కి వెళ్లను. ఆకారం వచ్చేది 80లోనే, తర్వాత ఏ దశా దాన్ని సరిచేయలేదు.

ప్రతి దశా చేసేది ఒకటే పని: ముందు దశ పెట్టిన గీతల్ని చెరిపి, వాటికంటే చిన్న గీతలు పెట్టడం. 80 నంబరు గింజ పావు మిల్లీమీటర్‌కి కాస్త తక్కువ. ఇలా చిన్నవి చేసుకుంటూ పోతే చివరికి గీతలు వెలుతురు తరంగం కంటే, అంటే దాదాపు అర మైక్రాన్ కంటే చిన్నవైపోతాయి. అప్పుడు వెలుతురు చెదరదు. రాయి ఆరినా తడిగానే కనిపిస్తుంది. ఇందుకే కడగడం అంత ముఖ్యం. పాలిష్ దశలో 80 నంబరు గింజలు ఓ నాలుగు మిగిలి ఉన్నా వారం అంతా అవి కొత్త గీతలు గీస్తూనే ఉంటాయి. ప్రతి రాయినీ పాత టూత్‌బ్రష్‌తో, పగుళ్లలో కూడా తోముతాను. పాలిష్‌కి వేరే డబ్బా ఉంచాను, ఎందుకంటే రబ్బరు అతుకుల్లో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా వదలదు.

మొదటి దశలో రోజూ ఒకసారి మూత తీయడం మంచిది. సున్నపురాయి ముక్క ఏదైనా దొంగతనంగా చేరితే గ్యాస్ పుట్టి మూత ఊడొచ్చు.

దుమ్ము సంగతి మాత్రం సరదాగా తీసుకోవద్దు. గుజరాత్‌లోని ఖంభాత్ అగేట్ పూసలకి పేరున్న ఊరు. అక్కడ రాయిని తిరిగే చక్రం మీద పొడిగా సానపట్టినవాళ్లలో ఎంతోమందికి సిలికోసిస్ వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక మీద రాసే బలపాలు కోసినవాళ్లదీ ఇదే కథ. సన్నటి సిలికా ఊపిరితిత్తుల లోతుకి వెళ్లి అక్కడే మచ్చలు కడుతుంది. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. మన చేతిలో మెరిసే పూస వెనక అలాంటి ఊపిరి ఉండొచ్చు. టంబ్లర్‌లో పని మొత్తం నీళ్లలో జరుగుతుంది కాబట్టే దీన్ని ఇంట్లో పెట్టుకోగలుగుతున్నాం. ఆ మేలు పోగొట్టుకోకండి. రాయి పగలగొట్టాలంటే తడి గోనెసంచిలో చుట్టి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఒలికిన బురద ఆరకముందే తడిగుడ్డతో తుడవండి, ఆరాక ఊడవొద్దు.

ఆ బురదని సింకులో పొయ్యకండి. పైపు వంపులో చేరి సిమెంటులా బిగుసుకుంటుంది. బకెట్‌లో రాత్రంతా వదిలేస్తే అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లు పారబోసి, అడుగు బురదని తడిగానే కవర్లో కట్టి చెత్తలో వేస్తాను.

ఇప్పుడు తిరుగుతున్న డబ్బాలో 220 దశ నడుస్తోంది. వచ్చే నెల కొత్త బ్యాచ్ వేస్తాను, రెండు గుప్పెళ్లకి చోటుంటుంది. సీసా మీద గీసి చూసి తీసుకొస్తే మీవి కూడా కలుపుతాను. తాండూరు ముక్కలు మాత్రం తేవద్దు.