సముద్రం పంపిన వాన, గండిపేట దాచిన నీరు

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోలేరని మన దాదాలు, నానాలు చెప్పేవారు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా నగరానికి వచ్చే రోడ్డుకు ఒక పక్క ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, మరో పక్క హిమాయత్‌సాగర్ ఉన్నాయి. ఎండాకాలంలో నీటి వైపు నుంచి గాలి వీస్తే ఒళ్లు చల్లబడుతుంది. ఎందుకు?

నేల త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. నీరు అలా కాదు. కిలో ఎండుమట్టి కంటే కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి నాలుగైదు రెట్లు ఎక్కువ వేడి కావాలి. పైగా నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తీసుకుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది అందుకే.

అయితే చెరువు చల్లదనం దాని ఒడ్డున కొద్ది దూరం వరకే. మన పొలాల మీద వాన కురిపించేది మాత్రం సముద్రమే. భూగోళం మీద సుమారు 71 శాతం సముద్రాలే. వేసవిలో నేల బాగా కాగి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీది తేమగాలి వస్తుంది. అదే నైరుతి రుతుపవనం. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కితే, దాన్ని ఎల్‌నినో అంటారు, ఇక్కడ వానలు తగ్గే ప్రమాదం ఉంది. 2015లో అదే జరిగింది. 2016 వేసవి నాటికి మన రెండు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి.

సముద్రం కరువే కాదు, వరద కూడా తెస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం వాటి పని. 2020 అక్టోబరులో బంగాళాఖాతం వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాద్ మీదికి వచ్చినప్పుడు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది.

భూమి మీద పెరుగుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అంటే కురిస్తే కుండపోతగా కురిసే రోజులు పెరుగుతాయి.

సముద్రాన్ని మనం ఆపలేం. కానీ వాన పడే నేల మన చేతిలో ఉంది. అనంతగిరి కొండల నుంచి చేవెళ్ల, షాబాద్, శంకర్‌పల్లి, మొయినాబాద్ వాగుల గుండా వచ్చే నీరే ఈ జలాశయాలకు ఆధారం. అందుకే 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, కాలనీలను అది కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది.

భూమి అమ్ముకోలేక, ధర రాక అక్కడి రైతులు పడ్డ బాధ చిన్నది కాదు. ఆ బాధ తీరవలసిందే. కానీ పొలాలూ వాగులూ సిమెంటు కింద పోతే నీరు ఇంకదు. వాన రోజున వరద, వేసవిలో ఎండిన చెరువు, రాత్రయినా చల్లారని గోడలు. ఈ మూడూ ఒకేసారి వస్తాయి.

ప్లాటు కొనేముందు అది కుంటలోనో, వాగు దారిలోనో ఉందేమో ఇంటిల్లిపాదీ విచారించండి. ఇంట్లో ఇంకుడు గుంత తవ్వండి. మసీదులో వజూ నీరు మోరీలోకి కాకుండా చెట్ల పాదుల్లోకి మళ్లించండి. సముద్రం పంపిన నీటిని దాచుకోవడం మన వంతు.